మోకాళ్లూనలేని వయసులో విశ్వాసం నిలబెట్టుకోవడం ఎలా?

గుంటూరులో ఏ చర్చిలోనైనా ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట పెద్దవాళ్ల నోట ఒక మాట తరచూ వినపడుతుంది. "ఏంటోనమ్మా, మునుపటిలా ప్రార్థన సాగట్లేదు, విశ్వాసం తగ్గిపోతోందేమోనని భయంగా ఉంది." ఈ మాట అనేవాళ్లు క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మాత్రమే కనపడేవాళ్లు కాదు. ఏళ్ల తరబడి సండే స్కూల్ చెప్పినవాళ్లు, స్త్రీల సమాజాన్ని భుజాన వేసుకుని నడిపినవాళ్లు, పిల్లల ఫీజులకి గాజులు తాకట్టు పెట్టిన రోజుల్లో కూడా ఆదివారం మానని వాళ్లు.

నేను చూసినంతవరకు వీళ్లలో చాలామందికి తగ్గింది విశ్వాసం కాదు. చూపు తగ్గింది, వినికిడి తగ్గింది, నిద్ర తగ్గింది, పక్కన కూర్చుని ఆమేన్ అనే మనిషి పోయారు. ముప్పై ఏళ్ల ఒంటికి కుదిరిన భక్తి పద్ధతిని డెబ్బై అయిదేళ్ల ఒంటి మీద రుద్దుతున్నారు, అది కుదరకపోయేసరికి లోపం తమ భక్తిలోనే ఉందనుకుంటున్నారు. మార్చాల్సింది పద్ధతిని. అదెలాగో నాకు తెలిసిన వరకు చెబుతాను. మీరు ఆ వయసులో ఉంటే మీకోసం చదువుకోండి, ఆ వయసు అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే వాళ్లకి చదివి వినిపించండి.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి

భక్తి గురించి రాస్తూ మొదటి మాటే ఇదేంటి అనుకోకండి. ప్రార్థన మీద మనసు నిలవకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తెల్లవారుజామున రెండింటికే మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ ఆత్మీయ సమస్యలే అయి ఉండక్కర్లేదు. థైరాయిడ్ తక్కువగా ఉంటే మనిషి మందగిస్తారు. బి12 తగ్గితే మతిమరుపు, దిగులు రావచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గడం మామూలే, కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించండి. చెవులు చూపించుకోండి. శుక్లాలుంటే తీయించుకోండి, బైబిలు చదవాలనిపించట్లేదన్న పెద్దమనిషికి అసలు అక్షరాలే కనపడట్లేదని తేలిన ఇళ్లు నాకు తెలుసు. దిగులు వారాల తరబడి వదలకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీమానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు.

"మందులు వాడితే విశ్వాసం లేనట్టు కాదా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అదీ గుంటూరులో! 1883లో ఈ ఊరొచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకీ పిల్లలకీ వైద్యం చేస్తూ ఇక్కడే ఉండిపోయి 1930లో ఇక్కడే కన్నుమూశారు, ఆమె పేరుతో ఆసుపత్రే ఉంది. ఇక్కడ సువార్తా స్టెతస్కోపూ ఒకే గుమ్మంలోంచి వచ్చాయి. ఇంకా సందేహముంటే రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీయండి. ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు ప్రసంగం చేయలేదు, దూతని పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా లేపి పెట్టించాడు. మాట్లాడింది ఆ తర్వాత, నలభై రోజులు నడిచి హోరేబుకి చేరాక.

ఇందులోనే ఇంకో మాట. శుక్రవారం ఉపవాస ప్రార్థనలు, ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమకాలంలో నలభై రోజుల ఉపవాసాలు మనవాళ్లకి ప్రాణం. కానీ షుగర్ మాత్రగానీ ఇన్సులిన్‌గానీ తీసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు, తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మంచం దిగడం చాలా కష్టం. డాక్టర్ని అడగకుండా ఉపవాసం వద్దు. టీవీ సీరియల్ మానండి, కోడలి మీద ఫిర్యాదులు నలభై రోజులు మానండి, ఆ రెండోది అసలు ఉపవాసం కంటే కష్టం.

ప్రార్థనని చిన్నది చేసి దేనికో ఒకదానికి ముడిపెట్టండి

మోకాళ్లు అరిగాక మోకరించడం కుదరదు, సరే. కుర్చీలో కూర్చుని చేయండి, పడుకుని చేయండి. గంటసేపు ప్రార్థన చేసే అలవాటు ఉన్నవాళ్లకి పది నిమిషాలకే కునుకు పడితే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. గంటని ముక్కలు చేసేయండి. పొద్దున కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు రెండు నిమిషాలు. బీపీ మాత్ర వేసుకునేటప్పుడు ఒక మాట. మున్సిపల్ నీళ్లు వచ్చే టైముకి బిందె నిండేలోపు ఒకటి. సాయంత్రం లైటు వేసినప్పుడు ఒకటి. రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెడితే గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు, మతిమరుపు మొదలైనా చాలాకాలం ఆ అలవాటు పట్టుకుని ఉంటుంది.

రాత్రి రెండింటికి మెలకువ వస్తే నిద్ర కోసం యుద్ధం చేయకుండా పేర్లు తీసుకోండి. సోమవారం పెద్దాడి కుటుంబం, మంగళవారం కూతురి కుటుంబం, బుధవారం వీధిలో వాళ్లు, ఇలా. అమెరికాలో ఉన్న కొడుక్కి అప్పుడు పగలే, ప్రార్థన చేశాక ఒక వాయిస్ మెసేజ్ పెడితే వాడికీ బావుంటుంది. పెద్ద మాటలు రాకపోతే పేరు ఒక్కటే పలకండి. ఆ బిడ్డకి ఏం కావాలో మీరు వివరించి చెప్పాల్సిన పనిలేదు.

వాక్యం కంటికి అందకపోతే చెవికి అందించండి

బైబిలు సంవత్సరంలో పూర్తి చేసే ప్లాన్లు జనవరిలో చర్చిలో పంచుతారు. మీరు తీసుకోకండి. మార్చికల్లా లేవీయకాండంలో ఆగిపోయి ఇంకో దిగులు తెచ్చుకోవడం ఎందుకు? పెద్ద అక్షరాల బైబిలు కొనుక్కోండి, చేతులకి బరువైతే కీర్తనలు, కొత్త నిబంధన మాత్రం ఉన్న పుస్తకం చాలు. చదవలేకపోతే ఫోన్లో తెలుగు ఆడియో బైబిలు యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి, మనవడిని కూర్చోబెట్టి ఒకసారి పెట్టించుకోండి. అలాగే మీకు కావలసిన అధ్యాయం ఒక్క నొక్కులో వచ్చేలా ఫోను తెర మీద పెట్టమనండి, లేకపోతే వాడు వెళ్లిపోయాక ఆ యాప్ మళ్లీ తెరుచుకోదు.

బ్రాడీపేటలో నాకు తెలిసిన ఒక పెద్దావిడ చేసే పని అన్నిటికంటే నచ్చింది నాకు. ప్రతి నెలా చించిన క్యాలెండర్ కాగితం పారేయదు. వెనక తెల్లగా ఉంటుంది కదా, దాని మీద మనవరాలి చేత నల్ల మార్కరుతో అరచేతి ఎత్తు అక్షరాల్లో ఒకే వచనం రాయించి వంటింట్లో స్టవ్ ఎదురుగా గోడకి అంటిస్తుంది. నెలంతా అదే. పప్పు ఉడికేదాకా దాన్నే చూస్తూ ఉంటుంది, నూనె మరకలు పడి మూలలు పసుపు రంగుకి తిరిగేసరికి వచనం నోటికి వచ్చేస్తుంది. నేను వెళ్లినప్పుడు గోడ మీద ఉన్నది యెషయా 46:4, "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తుకొనువాడను నేనే." ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే దాంతోనే మొదలుపెట్టండి. తర్వాత కీర్తన 71, అది ముసలితనంలో చేసిన ప్రార్థన. బలం క్షీణించినప్పుడు నన్ను విడువకు అని తొమ్మిదో వచనంలో సూటిగా అడుగుతాడు.

ఆదివారం గురించి ముందే ఏర్పాటు చేసుకోండి

చర్చి మానేయడం ఒక్కరోజులో జరగదు. ఒక ఆదివారం ఎండ, ఒక ఆదివారం ఆటో దొరకలేదు, ఇంకో ఆదివారం బాత్‌రూమ్ దూరమని టెన్షన్, అలా అలా మూడు నెలలు గడుస్తాయి, తర్వాత వెళ్లడానికే మొహమాటం. అందుకని మే నెల గుంటూరు ఎండ మొదలవకముందే పొద్దున్నే జరిగే మొదటి ఆరాధనకి మారిపోండి. నెలవారీగా మాట్లాడుకున్న ఒకే ఆటో మంచిది, లేదా కారున్న కుటుంబాన్ని అడగండి. సౌండ్ బాక్సుల పక్కన కూర్చోకండి, ఇప్పుడు ప్రతి చర్చిలో కీబోర్డూ ప్యాడ్సూ పెట్టి దంచుతున్నారు, వినికిడి మిషను పెట్టుకున్నవాళ్లకి అది నరకం. పాస్టరు గారి పెదవులు కనపడే చోట, ఫ్యాను కింద, నడవ పక్కన కుర్చీ వేయించుకోండి. అడిగితే వేస్తారు.

విజయవాడ వైపు కథోలిక కుటుంబాల్లో ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలకి ఎన్ని తరాలుగానో వెళ్లే అలవాటు. కొండ మీద శిలువ దాకా ఎక్కితేనే మొక్కు తీరినట్టని పంతం పట్టే ముసలివాళ్లని చూశాను. కింద గుహ దగ్గర కూర్చుని జపమాల చెప్పుకోండి. మెట్లు మనవలు ఎక్కుతారు.

అసలు వెళ్లలేని స్థితి వస్తే పాస్టరు గారిని పిలిపించండి. ఇక్కడే మన పెద్దవాళ్లు ఓడిపోతారు. "ఆయనకి మేం గుర్తులేమా, నెలైంది, ఒక్కసారి కూడా రాలేదు" అని మంచంలో కుములుతారు గానీ ఫోన్ చేయరు. యాకోబు పత్రిక 5:14 ఏమంటోంది? జబ్బుపడినవాడు సంఘపు పెద్దలను పిలిపించాలి అంటోంది. వాళ్లే కనిపెట్టి రావాలని లేదు. ఫోన్ చేసి, "అయ్యగారూ, నెలకొకసారి ఇంటికొచ్చి ప్రభురాత్రి భోజన సంస్కారం ఇవ్వండి" అని అడగండి. పౌలు చివరి ఉత్తరంలో "మంచి పోరాటము పోరాడితిని" అన్న మాటని మనం సమాధుల మీద చెక్కించుకుంటాం. అదే అధ్యాయంలో ఆరు వచనాల తర్వాత ఆయన త్రోయలో వదిలేసిన అంగీ తెచ్చిపెట్టమంటున్నాడు, పుస్తకాలు తెమ్మంటున్నాడు, చలికాలం రాకముందే రమ్మంటున్నాడు. అంత విశ్వాసవీరుడికి లేని మొహమాటం మనకెందుకు?

కష్టం వచ్చినప్పుడు దేవుడి ముందు నటించకండి

వయసు మీద పడ్డాక వచ్చే కష్టం వేరు. కుర్రతనంలో ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుందన్న ఆశ ఉంటుంది. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి పోతే, పెంచిన కొడుకు మాట్లాడటం మానేస్తే, ఇరవై ఏళ్లు కన్నీళ్లతో అడిగిన ప్రార్థనకి జవాబు రాకపోతే, ఇక సరిదిద్దుకోవడానికి టైము కూడా లేదనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద రోజుల తరబడి నీళ్ల ప్యాకెట్ల కోసం చూసిన ముసలివాళ్లలో జీవితమంతా చర్చికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. నీళ్లు తీశాక బీరువాల్లోంచి తీసి ఎండబెట్టినవాటిలో పెళ్లినాటి బైబిళ్లు ఉన్నాయి, కాగితాలు ఉబ్బి అట్ట మూయడానికి రాకుండా. వాళ్లతో వెంటనే "అంతా మన మంచికే, స్తోత్రం చెప్పండి" అనడం నాకు క్రూరంగా తోస్తుంది.

చేయాల్సింది ఇది. ఒక నోటు పుస్తకం తీసుకుని మీ ఫిర్యాదు రాయండి, రాయలేకపోతే పైకి చెప్పండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గట్టిగా చెప్పండి. "ప్రభువా, నన్నెందుకు ఇలా చేశావు" అనడం దేవదూషణ కాదు, కీర్తనల్లో మూడోవంతుకి పైగా ఇలాంటివే. 88వ కీర్తన చదవండి. అది ఆశతో ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. ఆ కీర్తన రాసినవాడు చేసిన ఒకే ఒక మంచి పని ఏంటంటే, ఆ మాటలన్నీ దేవుడి వైపు తిరిగి అన్నాడు. మీరూ అంతే చేయండి, కోపమైనా ఆయనతోనే చెప్పండి, మాట్లాడటం మాత్రం ఆపకండి.

ఇక ఇంటికొచ్చి "మీ ఇంట్లో ఏదో పాపం దాగి ఉంది, అందుకే" అనేవాళ్లుంటారు. కాఫీ ఇచ్చి పంపేయండి. యోబు స్నేహితులు చేసిందీ అదే, చివరికి దేవుడు వాళ్ల మీదే కోపపడ్డాడు. వాళ్లు ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద యోబు పక్కన కూర్చున్నారు చూడండి, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. అలా పక్కన ఊరికే కూర్చోగలిగే మనిషి మీకు ఒక్కరు ఉన్నా అదృష్టమే. లేకపోతే మీరే ఇంకొకరికి అలా మారండి, భర్త పోయిన ఆవిడ ఇంటికి మొదటి వారం అందరూ వెళ్తారు, మూడో నెలలో ఎవరూ వెళ్లరు, అప్పుడు వెళ్లండి.

పిల్లలు విశ్వాసం వదిలేశారని బాధపడేవాళ్లకి ఒక్క మాటే చెప్పగలను. ఫోన్లో ప్రతిసారీ "చర్చికి వెళ్లావా" అని అడగడం ఆపండి. వాడు ఫోన్ ఎత్తడమే మానేస్తాడు. ఏం తిన్నావు, ఆఫీసు ఎలా ఉంది అని అడగండి, ప్రార్థన మీ దగ్గర మీరు చేసుకోండి.

డబ్బు విషయంలో కళ్లు తెరిచి ఉండండి

పింఛను 4,000 రూపాయలు ఒకటో తారీఖున చేతికొస్తే దశమభాగం తీసి పక్కన పెట్టే అమ్మమ్మలు మనకి చాలామంది ఉన్నారు. ఇష్టంగా ఇస్తే ఇవ్వండి. మందులు మానుకుని ఇవ్వకండి. ఉన్న రెండు కాసులూ కానుకగా వేసేసిన బీద విధవరాలి గురించి కానుకల టైములో అందరూ చెబుతారు, మార్కు 12లో దానికి కాస్త ముందే, 40వ వచనంలో, విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూ దీర్ఘప్రార్థనలు చేసేవాళ్లని యేసు తిట్టిన సంగతి మాత్రం ఎవరూ చదవరు. ఫోన్ చేసి ఇంత పంపితే స్వస్థత వస్తుందనేవాళ్లకి, సీసాలో నూనె అమ్మేవాళ్లకి, ముఖ్యంగా మాత్రలు మానేయమని చెప్పేవాళ్లకి దూరంగా ఉండండి.

ఇల్లు పిల్లల పేరున రాసేటప్పుడు, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. నమ్మకం లేక కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పితే రాసిచ్చినదాన్ని రద్దు చేయమని ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. పిల్లలు అన్నం పెట్టకపోతే, కొడితే, 14567 వృద్ధుల హెల్ప్‌లైన్‌కి చేయండి. భరించడమే భక్తి అని ఎవరన్నా చెబితే మొదటి తిమోతి 5:8 చూపించండి, సొంత ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని అక్కడ రాసి ఉంది.

పెత్తనం వదిలేయండి, పని వదలకండి

ముసలివాళ్ల కూడికల్లో ఎప్పుడూ కాలేబు ప్రసంగమే. 85 ఏళ్లకి కొండ ప్రాంతం నాకివ్వమన్నాడు, నేటికీ నాకు బలముంది అన్నాడు అని. మంచిదే, కానీ లేవడానికే గోడ పట్టుకోవాల్సిన మనిషికి అది విని ఏం ఒరుగుతుంది? నాకైతే రెండో సమూయేలు 19లోని బర్జిల్లయి ఎక్కువ నచ్చుతాడు. ఆయనకి 80 ఏళ్లు. దావీదు రాజు యెరూషలేముకి రా, నేను పోషిస్తాను అంటే, నాకు తిండి రుచి తెలియదు, పాటలు వినపడవు, నీకు భారం ఎందుకు, మా ఊళ్లో నా తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోనివ్వు అన్నాడు. అని ఊరుకోలేదు, నా బదులు కింహాముని తీసుకెళ్లు అని కుర్రవాణ్ణి ముందుకి తోశాడు.

గుంటూరులో లూథరన్ మిషను మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ గారు 1842 జూలై 31న ఈ ఊరు వచ్చినప్పుడే ఆయనకి 49 ఏళ్లు. మళ్లీ 1869లో, 75 దాటాక, రాజమండ్రి మిషను పని వేరేవాళ్లకి అప్పజెప్పేయబోతున్నారని తెలిసి ఓడెక్కి వచ్చారు. ఓడ ప్రయాణం సంగతే అందరూ చెప్పుకుంటారు. నాకు గొప్పగా అనిపించేది, పని నిలబెట్టి తనకంటే చిన్నవాళ్ల చేతికిచ్చి వెనక్కి వెళ్లిపోవడం.

కాబట్టి సంఘ కమిటీలో కుర్చీ వదిలేయండి. స్త్రీల సమాజం తాళాలు చిన్నవాళ్లకిచ్చి, వాళ్లు లెక్కల పుస్తకం వేరేగా రాస్తే నోరు మెదపకండి. బదులుగా కూర్చున్నచోట చేయగలిగేది ఒకటి పెట్టుకోండి. పాత కీర్తనల రాగాలు మీకొచ్చినట్టు ఇప్పటి పిల్లలకి రావు, వారానికొకటి ఫోన్లో పాడి రికార్డు చేయించండి, గొంతు వణికినా పర్లేదు. మీరు మారుమనస్సు ఎప్పుడు పొందారు, మీ తాతలు ఏ ఊరినుంచి ఎలా వచ్చారు, కరువులో ఏం తిన్నారు, అదీ చెప్పించుకోమనండి.

చివరిగా, ఒక కాగితం రాసి పెట్టండి

చావు గురించి మాట్లాడితే అపశకునం అనుకోకండి, పునరుత్థానం నమ్మేవాళ్లం మనం. ఏ సమాధుల తోటలో, ఎవరి పక్కన, ఏ కీర్తన పాడాలి, ఏ వాక్యం చదవాలి, అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా ఆపాలా వద్దా, వెంటిలేటర్ పెట్టాలా వద్దా, బ్యాంకు పుస్తకం ఎక్కడుంది, ఎవరికి ఎంత బాకీ, ఎవరిని క్షమించారు, ఎవరిని క్షమాపణ అడగాలి. ఆఖరి రెండూ రాయడంతో ఆగకుండా ఈ వారమే ఫోన్ చేసేయండి. ఆ కాగితం ఎక్కడ పెట్టారో కనీసం ఇద్దరికి చెప్పండి, ఒకరు ఇదే ఊళ్లో ఉండేవాళ్లయి ఉండాలి. పట్టుచీరల అడుగున దాచి ఎవరికీ చెప్పకపోతే అది జ్ఞాపకార్థ కూడిక కూడా అయిపోయాక బయటపడుతుంది.